హాల్లో ఇన్ని లైట్లు, పేపరు మీద చీకటెందుకు?

"సీలింగు నిండా లైట్లు పెట్టిచ్చినం. అయినా సోఫాల కూసోని పేపరు చదువుదామంటే మసకమసకగనే ఉంటది. ఎందుకంటవ్?"

సూర్యాపేటలోనో కోదాడలోనో కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళ దగ్గర ఎలక్ట్రీషియన్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. హాలు పన్నెండు బై పద్నాలుగు అడుగులు. జిప్సం సీలింగు, దాని అంచుల్లో దాచిన పట్టీ లైట్లు, మూలమూలకు గుండ్రటి లైట్లు, గోడకొక ట్యూబు. స్విచ్చులన్నీ వేస్తే గది ధగధగలాడుతుంది. అయినా ఇంటి పెద్దాయన పేపరు పట్టుకుని గుమ్మం దగ్గరికే పోతాడు.

ఇక అప్పుడు మొదలవుతుంది నిలువు దీపం వెతుకులాట. నేల మీద నిలబెట్టే ఈ ఫ్లోర్ ల్యాంపు మనకు మరీ కొత్తదేం కాదు. పూజ గదిలో నిలబడే ఇత్తడి సెమ్మె కూడా అలాంటిదే. కాకపోతే కరెంటు ఫ్లోర్ ల్యాంపు మాత్రం చాలాకాలం పట్నం హోటళ్ళ వస్తువుగానే ఉండిపోయింది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా దుకాణం తెరుచుకుంది. ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఊరూరికీ చేరాయి. ఇప్పుడు సూర్యాపేట వాసికి కూడా అది ఫోన్లో వేలి కింద ఉండే సరుకు.

చిక్కల్లా ఎంపికలోనే. ఒక రకం మెడ వంచుకుని ఒక్క చోటనే వెలుగు కుమ్మరిస్తుంది. దీన్ని పనిదీపం అందాం. మరో రకం గుడ్డ తొడుగులోంచి చుట్టూ పరుస్తుంది, లేదా సీలింగు మీదికి చిమ్ముతుంది. ఇది గదిదీపం. అమ్మకానికి పెట్టిన ఫొటోల్లో రెండోదే ఎప్పుడూ అందంగా కనిపిస్తుంది. మన హాళ్ళకు ముందు కావలసింది మాత్రం చాలావరకు మొదటిదే. ఎందుకో తెలియాలంటే, వెలుతురు బల్బు నుంచి కంటి దాకా వచ్చే దారిలో ఎక్కడెక్కడ తరిగిపోతుందో చూడాలి.

దూరానికి పోయే వాటా

వెలుతురు లెక్కకు రెండు మాటలు చాలు. బల్బు మొత్తం మీద ఎంత వెలుగు విడుస్తుందో చెప్పేది ల్యూమెన్. అందులో ఒక చదరపు మీటరు మీద ఎంత పడుతుందో చెప్పేది లక్స్. డబ్బా మీద అచ్చేసేది మొదటిది, కంటికి అక్కరకొచ్చేది రెండోది.

2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఉజాలా పథకంతో ఇంటింటికీ చేరిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బునే తీసుకుందాం. దాని వెలుగు సుమారు 900 ల్యూమెన్లు. అన్ని వైపులకూ సమానంగా చిమ్ముతుందనుకుంటే, అర మీటరు దూరంలో ఉన్న పుస్తకం మీద దాదాపు 285 లక్సులు పడతాయి. పుస్తకాన్ని మీటరు దూరానికి జరిపితే సగానికి తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ నాలుగో వంతుకు, అంటే 70 చిల్లరకు పడిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు పరుచుకునే చోటు అడ్డంలోనూ రెట్టింపు, నిలువులోనూ రెట్టింపు అవుతుంది. ఉన్న వెలుగే నాలుగింతల చోటుకు పంచాలి మరి. ఇక సీలింగు నుంచి సోఫాలో కూర్చున్న మనిషి ఒళ్ళో పేపరు దాకా, ఏటవాలుగా కొలిస్తే, సుమారు రెండున్నర మీటర్లు. అక్కడికి నేరుగా చేరేది 11 లక్సులు మాత్రమే.

ఒక మామూలు కొవ్వొత్తిని అడుగు దూరంలో పెట్టుకుంటే కాగితం మీద పడేది కూడా దాదాపు అంతే!

ఈ లెక్క చూశాక పాత తరం చదువులు మరోలా కనిపిస్తాయి. కందిలి ముందు బోర్లా పడుకుని ఎక్కాలు వల్లెవేసిన పిల్లలది గుడ్డి దీపమే. కానీ అది మూరెడు దూరంలో ఉండేది. నేటి హాల్లో దీపం అంతకు ఎన్నో రెట్లు బలమైనది. దాన్ని తీసుకెళ్ళి అందనంత ఎత్తున బిగించారు, అంతే. సీలింగు లైటు కింద కొవ్వొత్తి కన్నా మెరుగ్గా కనిపిస్తుందంటే అందుకు కారణం గోడలు. తమ మీద పడ్డ వెలుగులో కొంత అవి తిరిగిస్తున్నాయి.

బల్బు కాక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పెడితే? సుమారు 2,000 ల్యూమెన్లు. హాలు వైశాల్యం 15 చదరపు మీటర్ల పైచిలుకు. కిటికీలు, కర్టెన్లు, అలమరలు, రంగు గోడలు సగం మింగేశాయనుకున్నా సగటున 60, 65 లక్సులు మిగులుతాయి. టీవీ చూడటానికి, ముచ్చట్లకు, కాలికి చెంబు తగలకుండా నడవడానికి అది చాలు. పేపర్లో చిన్నక్షరాలకు, జాకెట్టు హుక్కులు కుట్టడానికి, పదో తరగతి లెక్కలకు చాలదు. అలాంటి పనులకు 300 నుంచి 500 లక్సులు కావాలన్నది వెలుతురు ఇంజినీర్లు మామూలుగా పాటించే లెక్క. గది మొత్తాన్నీ 400 లక్సులకు ఎత్తాలంటే అలాంటి ట్యూబులు ఆరు కావాలి. అదే పనిదీపంలో ఒక్క 9 వాట్ల బల్బును అర మీటరు దూరానికి దించి, వెనక్కి పోయే వెలుగును రేకు తొడుగుతో ముందుకు మళ్ళిస్తే పని అయిపోతుంది.

నల్గొండ నేల మీద రైతుకు ఈ తేడా కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తే మడంతా నీళ్ళు నిలవాలి. బత్తాయి తోటలో డ్రిప్పు గొట్టం నేరుగా చెట్టు మొదట్లోనే చుక్కలు రాలుస్తుంది. గదిదీపం మడి పారకమైతే, పనిదీపం డ్రిప్పు.

సార్టెక్స్ గదిలో

లాల్ బహదూర్ కాలువ అని కూడా పిలిచే ఆ ఎడమ కాలువ నీళ్ళే మిర్యాలగూడను రైస్ మిల్లుల ఊరుగా నిలబెట్టాయి. పనిదీపం అంటే ఏమిటో కళ్ళారా చూడాలంటే ఇక్కడి మిల్లుకు వెళ్ళాలి. బియ్యం సంచి మీద 'సార్టెక్స్' అని రాసి ఉంటుంది కదా, ఆ యంత్రం దగ్గరికి.

పాలిష్ పట్టిన బియ్యం సన్నటి దోనెల్లోంచి తెరలా జారుతుంది. కింద ఒక ఇరుకైన గీత వెంబడి ఎల్‌ఈడీ వెలుగు, ఆ గీతనే గురిపెట్టిన కెమెరాలు. నల్ల మచ్చున్న గింజో, పసుపు తిరిగిన గింజో ఆ గీత దాటే లోపు కెమెరా పట్టేస్తుంది. వెంటనే చిన్న గాలి మూతి దాన్ని పక్కకు ఊదేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచే లోపే. షెడ్డు మాత్రం మామూలు లైట్లతో, తౌడు దుమ్ములో, మసకగానే ఉంటుంది. దాన్ని పట్టపగలులా వెలిగించినా గింజ మీద మచ్చ పట్టుకోవడానికి అది పనికిరాదు. చూడవలసిన చోటు గింజ జారే ఆ గీత ఒక్కటే.

మరి అయితే గదిదీపం దండగేనా? కాదు. ఆ సంగతీ అదే యంత్రం చెబుతుంది. ఇలాంటి యంత్రాల్లో గింజ వెనకాల ఒక పలక ఉంటుంది. మంచి బియ్యం ఎంత తెల్లగా కనిపిస్తుందో ఆ పలక కూడా అంతే వెలుగుతో కనిపించేలా సరిచేస్తారు. మంచి గింజ ఆ వెనకతలంలో కలిసిపోతుంది, తేడా గింజ ఒక్కటే బయటపడుతుంది. కెమెరా పసిగట్టేది వెలుగు మొత్తాన్ని కాదు, పక్కనున్న దానితో తేడాను.

మనిషి కన్ను చేసే పనీ ఇంచుమించు అదే. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శివాలయాలున్నాయి. ఎండలోంచి నేరుగా మండపంలోకి అడుగుపెడితే మొదట ఏమీ కనిపించదు. కాసేపు ఆగితే నల్లరాతి స్తంభాలు, వాటి మీద చెక్కడాలు ఒక్కొక్కటే తేలతాయి. గర్భగుడిలో ఒక్క నూనె దీపం లింగాన్ని చూపించడానికి చాలుతుంది, ఎందుకంటే చుట్టూ పోటీకి వచ్చే వెలుగు లేదు, కన్నూ చీకటికి అలవాటు పడింది. అదే దీపాన్ని మధ్యాహ్నం గుడి బయట వెలిగిస్తే ఉందో లేదో కూడా తెలియదు.

ఇంట్లో చిక్కు ఇక్కడే వస్తుంది. గదంతా ఆర్పేసి ఒక్క పనిదీపం కింద చదివితే పుస్తకం మెరుస్తుంది, చుట్టూ కటిక చీకటి. తలెత్తిన ప్రతిసారీ కన్ను చీకటికి సర్దుకోవాలి, మళ్ళీ పేజీ మీదికి దిగినప్పుడు వెలుగుకు సర్దుకోవాలి. గంట తిరిగేసరికి కళ్ళు లాగేస్తాయి. అందుకే పని మీది వెలుగు దాన్ని ఆనుకున్న చోటు కన్నా మూడింతలు, దూరంగా కనిపించే గోడల కన్నా పదింతలు దాటకుండా చూడటం లైటింగ్ రంగంలో పాత ఆనవాయితీ. పుస్తకం మీద 300 లక్సులుంటే గదిలో ఆ 60 లక్సుల ట్యూబు వెలుగుతుండటమే మేలు. టీవీకీ ఇదే వర్తిస్తుంది. చీకటి గదిలో టీవీ చూసేవాళ్ళకు దాని వెనక గోడ మీద చిన్న గదిదీపం వెలుగు పడితే కంటికి ఎంతో తెరిపి.

'గుడ్డి వెలుతుర్లో చదివితే కళ్ళు పోతాయి' అని అమ్మమ్మలు కోప్పడటం అందరికీ గుర్తే. కళ్ళు అలసిపోతాయి, మండుతాయి, తలనొప్పి రావచ్చు. శాశ్వతంగా చూపు పోతుందనడానికి మాత్రం ఆధారం లేదు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు కూడా నమ్మే అపోహల మీద వచ్చిన ఒక వ్యాసం ఈ మాటను ఆ జాబితాలోనే చేర్చింది.

సీలింగు తెల్లగా లేకపోతే

గదిదీపాల్లో బాగా అమ్ముడయ్యే రకం ఒకటుంది. నిలువెత్తు కడ్డీ, పైన గిన్నె, వెలుగంతా సీలింగుకే. ఈ దీపాన్ని కొనేవాళ్ళు అసలు కొంటున్నది సగం దీపాన్నే, మిగతా సగం వాళ్ళ సీలింగు. తెల్లటి సీలింగు తన మీద పడ్డ వెలుగులో ఎనభై శాతం దాకా తిరిగి కిందికి పంపుతుంది. వెడల్పాటి సీలింగే దీపమైపోతుంది కాబట్టి నీడలు మెత్తబడతాయి, కంట్లోకి సూటిగా ఏదీ పొడవదు. ఇదే దీపాన్ని టేకు రంగు ప్యానెళ్ళ సీలింగు కింద పెడితే మూడో వంతు కూడా తిరిగి రాదు.

మన పెద్దలు ఏటా సంక్రాంతికో పెళ్ళికో ఇంటికి సున్నం కొట్టించేవారు. పురుగూ బూజూ పోతాయని ఆ పని చేసినా, గూట్లో పెట్టిన దీపానికి అదే బలమయ్యేది. తెల్లటి గూడు వెలుగును మింగకుండా గదిలోకి తోసేది. కోదాడ దాపున మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది సున్నపురాయి దొరకబట్టే. ఇప్పుడు ఆ రాయి సిమెంటై ఇళ్ళకు చేరుతోంది. గోడలకు మాత్రం ముదురు నీలం, కాఫీ రంగు వేసి, వెలుతురు చాలడం లేదని మరో రెండు లైట్లు పెట్టించుకుంటున్నారు. ఇది ఎవరి తప్పూ కాదు. రంగుల కేటలాగులో ఏ రంగు ఎంత వెలుగు మింగుతుందో చూసుకోవాలని కొనేవాళ్ళకు చెప్పేవాళ్ళే తక్కువ.

నున్నటి నేల ఇంకో తంటా. నిగనిగలాడే టైల్సు వెలుగును సున్నం గోడలా చెదరగొట్టవు, అద్దంలా తిప్పి కొడతాయి. ఒంటి బల్బు కనిపించే పనిదీపాన్ని అలాంటి నేల మీదికి వంచితే ఎదురు సోఫాలో ఉన్నవాళ్ళ కళ్ళలోకి నేల మీంచి ఇంకో బల్బు కొడుతుంది. తొడుగు అంచు బల్బు కన్నా కిందికి దిగి ఉన్న దీపాన్ని ఎంచుకుని, పుస్తకం మీదికే తిప్పుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

పైకి చిమ్మే దీపాలకు ఒక చేదు చరిత్ర కూడా ఉంది. అమెరికాలో 1990ల్లో 300 వాట్ల హాలోజన్ నిలువు దీపాలు కోట్లలో అమ్ముడుపోయాయి. ఆ గొట్టం మండే వేడికి కర్టెను తగిలితే చాలు, అంటుకునేది. 1997 జనవరిలో న్యూయార్క్‌లో ప్రసిద్ధ జాజ్ సంగీతకారుడు లయనెల్ హాంప్టన్ ఫ్లాటు కాలిపోయింది ఇలాంటి దీపం ఒరిగిపడే. అదే ఏడాది అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ సుమారు 4 కోట్ల దీపాలకు తీగ జాలీలు బిగించే కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చింది. ఎల్‌ఈడీ వచ్చాక ఆ వేడి భయం చాలావరకు తీరింది. ఒరిగిపడే భయం మాత్రం అలాగే ఉంది. పాకే పిల్లలున్న ఇంట్లో అడుగు బరువు చూడకుండా నిలువు దీపం కొనకూడదు.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు పేర్లు. 1962లో ఇటలీలో కాస్టిలియోని సోదరులు గీసిన ఆర్కో దీపం పాలరాతి దిమ్మ మీంచి విల్లులా వంగి, సీలింగుకు రంధ్రం పెట్టకుండానే బల్ల నడిమికి వెలుగు తెస్తుంది. ఆ దిమ్మ బరువు 65 కిలోల దాకా ఉంటుంది. దిమ్మకో రంధ్రం కూడా పెట్టారు, కర్ర దూర్చి ఇద్దరు మోసుకుపోవడానికి. దానికన్నా ముందే, 1932లో, ఇంగ్లండ్‌లో కార్ల సస్పెన్షన్ ఇంజినీరు జార్జ్ కార్వర్డైన్ స్ప్రింగులతో నిలిచే కీళ్ళ చేయి కనిపెట్టాడు. ఎటు లాగితే అటు వచ్చి, వదిలిన చోటే ఆగే పనిదీపాలన్నీ ఆయన యాంగిల్‌పాయిజ్ సంతానమే. పని ఎప్పుడూ ఒక్క చోట ఉండదు. పేపరు ఒళ్ళో ఉంటుంది, కుట్టు మోకాలి మీద ఉంటుంది, పిల్లాడి నోటుబుక్కు నేల మీద ఉంటుంది. మెడ కదలని పనిదీపం అందుకే సగం దీపం.

అరవై దాటిన కన్ను

ఒకే హాల్లో కూర్చున్న తాతా మనవలకు కనిపించే వెలుగు ఒకటి కాదు. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ కంటి లోపలి తెరకు చేరే వెలుగులో అరవై ఏళ్ళ కంటికి సుమారు మూడో వంతే చేరుతుంది. నలభై దాటాక వచ్చే చత్వారం వేరు, దానికి అద్దాలున్నాయి. ఈ వెలుగు కొరతకు అద్దాలు పనిచేయవు, దీపం దగ్గరికి రావాలి. శుక్లాలు మొదలైతే వెలుగు కంట్లోనే చెదిరి కాంతి ముల్లులా గుచ్చుతుంది కూడా. కాబట్టి పెద్దవాళ్ళకు కావాల్సింది ఎక్కువ వెలుగే, కానీ బల్బు మాత్రం కంటపడకూడదు. దీపం భుజం వెనకాల పక్కగా, తల నీడ పేజీ మీద పడకుండా ఉండాలి. కుడిచేత్తో రాసేవాళ్ళకు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడే అక్షరాన్ని కప్పేస్తుంది.

మనవడు గుమ్మం దాకా వెళ్ళకుండా ట్యూబు కింద హోమ్‌వర్కు చేసుకుంటున్నాడని, ఆ వెలుగు తాతకూ చాలుతుందనుకోవడమే చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు.

డబ్బా మీద అంకెలు

కొనేటప్పుడు వాట్లు చూడటం ఎడిసన్ బల్బు కాలపు అలవాటు. ఇప్పుడు ల్యూమెన్లు చూడాలి. పనిదీపానికి 500 నుంచి 900 చాలు, ఎందుకంటే దూరం తక్కువ. సీలింగుకు చిమ్మే గదిదీపానికి 1,500 అయినా లేకపోతే అది అలంకారమే.

తర్వాతది కెల్విన్ అంకె. 2700, 3000 అంటే పాత బల్బు పసుపు. 6500 అంటే మన ట్యూబులైట్ల నీలి తెలుపు. రాత్రి పొద్దుపోయాక నీలం పాలు ఎక్కువున్న గట్టి వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది. అందుకని సాయంత్రాలు వెలిగే గదిదీపానికి 3000 లోపు, చదివే దీపానికి 4000 మంచి బేరం.

మూడోది సీఆర్ఐ, అంటే రంగుల నిజాయితీ. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపు పూత. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. చవక రకాల్లో ఎరుపు పాలు తగ్గుతుంది కాబట్టి కారప్పొడి చచ్చినట్టు కనిపిస్తుంది, మెరూన్ చీర మట్టిరంగు తిరుగుతుంది. చీరను కొట్టు గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చూసుకునే ఆడవాళ్ళు ఆ అంకె చూడకుండానే అసలు పరీక్ష పెడుతున్నారు. దీపం కొనేటప్పుడు 80కి తగ్గకుండా, కుట్టుపనికైతే 90 చూసుకోవాలి. బల్బును ఫోన్ కెమెరాలోంచి చూసినప్పుడు నల్లచారలు కదులుతుంటే అది సెకనుకు వందసార్లు మినుకుతున్నట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక డ్రైవరు దాన్ని సాఫు చేయలేకపోయిందన్నమాట. అలాంటి బల్బు చదువుకు వద్దు.

కరెంటు ఖర్చు ఇక్కడ పెద్ద విషయమే కాదు. 9 వాట్ల దీపం రోజుకు నాలుగు గంటలు వెలిగినా నెలకు ఒక యూనిట్టు చిల్లర. 2024లో తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వచ్చాక 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు ఆ లెక్కా లేదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఎక్కువసేపు నిలబడేది కూడా ఇదే.

ఖర్చు కన్నా ముందు ఎదురయ్యే అడ్డం ప్లగ్గు. చాలా హాళ్ళల్లో సాకెట్లన్నీ టీవీ గోడకే ఉంటాయి, సోఫా ఎదురు గోడకు ఉంటుంది. దీపం కొన్నాక తీగ హాలు నడిమధ్య నుంచి పోతుంది, పెద్దవాళ్ళు దాన్ని దాటలేక దీపాన్నే టీవీ పక్కకు తోసేస్తారు, పనిదీపం కాస్తా బొమ్మైపోతుంది. ఇల్లు కట్టేవాళ్ళు గోడలు కోసి పైపులు వేసే రోజునే, సోఫా చేయి వచ్చే చోట నేలకు అడుగు ఎత్తున ఒక ఐదు ఆంపియర్ల సాకెట్టు, దానికి చేతికందే స్విచ్చు పెట్టమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. ప్లాస్టరింగ్ అయిపోయాక అదే సాకెట్టుకు మళ్ళీ గోడ పగలగొట్టాల్సి వస్తుంది.